సవరణ: దలీప్ సింగ్ సౌంద్ జడ్జి అయింది 1952లో

అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి భారత సంతతి వ్యక్తి దలీప్ సింగ్ సౌంద్ మీద రాసిన పోస్టులో, ఆయన 1950లో కాలిఫోర్నియాలోని వెస్ట్‌మోర్లండ్‌లో జడ్జి అయ్యారని ఉంది. ఆ ఏడాది జడ్జి పదవికి జరిగిన ఎన్నికలో గెలిచిన మాట నిజమే కానీ, కుర్చీలో కూర్చోనివ్వలేదు. ఆయనకు అమెరికా పౌరసత్వం 1949 డిసెంబరులో వచ్చింది. ఎన్నిక నాటికి ఏడాది నిండలేదని పదవి ఇవ్వలేదు. జనం ఓటేసి గెలిపించాక ఇలా జరిగితే ఎవరికైనా మనసు విరుగుతుంది. ఆయన మాత్రం 1952లో మళ్లీ నిలబడి గెలిచారు. అందుకే ఈ తేదీ సరిచేయడం ముఖ్యం అనిపించింది.

ఇంకొకటి, ఆయన లాయరు కాదు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గణితంలో పీహెచ్‌డీ చేసి, ఇంపీరియల్ లోయలో పొలం చేసుకున్న రైతు. ఆయనది చిన్న ఊరి కోర్టు కాబట్టి లాయరు కాకపోయినా జడ్జి కాగలిగారు. జడ్జి ఎన్నిక ప్రచారంలో ఒకాయన, "మీరు గెలిస్తే కోర్టుకొచ్చేవాళ్లకు తలపాగాలు మీరే ఇస్తారా, మేమే కొనుక్కోవాలా?" అని అడిగాడు. మనిషి తల మీద ఏముందన్నది తనకు పట్టదని, తలలో ఏముందన్నదే కావాలని సౌంద్ జవాబిచ్చారు.

1956లో పేరుమోసిన పైలట్ జాక్వెలిన్ కోక్రన్‌ను ఓడించి కాంగ్రెస్‌కు వెళ్లారన్న వివరం సరైనదే, దాన్ని మార్చలేదు.