సర్కారు కాలేజీకి ఫీజు బాకీ పడితే, మధ్యలో పిల్ల సర్టిఫికెట్లేం చేశాయి?

చెల్లి బీటెక్ అయిపోయి ఏడాది. ఉద్యోగం వచ్చింది, ఒరిజినల్స్ మాత్రం కాలేజీ బీరువాలోనే. "సర్కారు కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదమ్మా, మీరే కట్టి తీసుకెళ్లండి" అంటారు. ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టాలి? అంత ఉంటే ఫీజు కోసం సర్కారు వెబ్‌సైటు ఈపాస్‌లో అప్లై చేసేవాళ్లమా?

ఆ అప్లికేషన్‌కి ఎంత తిరిగాం! ఆదాయం సర్టిఫికెట్‌కి మీసేవ, తహసీల్దార్ ఆఫీసు, వేలిముద్రకి మళ్లీ మీసేవ. ఇంట్లో బీడీలు చుట్టే పిల్ల, వేలు అరిగిపోయింది. తుడిచి పెట్టు, తడిచేసి పెట్టు... నాలుగుసార్లూ ఎర్ర లైటే.

పోనీ బ్యాంకులో చదువు లోన్? నాలుగు లక్షల వరకు తాకట్టు అక్కర్లేదని రూలుంది. మేనేజరు మొదట అడిగింది ఇంటి కాగితాలే!

2008 నుంచి ఎందరు పేదపిల్లల్ని చదివించిన పథకమిది! బాకీ సర్కారుది, రావాల్సింది కాలేజీకి. పిల్లనెందుకు పట్టుకుంటారు? జాయినింగ్‌కి ఇంకా పది రోజులే ఉంది.