కార్లు అమ్మినవారు, కార్లు బాగుచేసినవారు

వలస పాలనలో విదేశీ కార్లకు ఏజెంట్లుగా ఉన్న భారతీయ వర్తకులు పరాయి సరుకు అమ్మిపెట్టిన దళారులేనన్న అభిప్రాయం బలంగా ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ అనుభవాన్ని దగ్గరగా చూస్తే అది సగమే నిజమని నాకనిపిస్తుంది.

అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలోని సెవ్రీలో కర్మాగారం తెరిచింది. సామ్రాజ్యంలోని మార్కెట్లను కెనడా కంపెనీ ద్వారా నడిపిన ఫోర్డ్ కూడా బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో వాహనాలు బిగించింది. బిగించడమే తప్ప తయారుచేయలేదు. ఇంజను, గేరుబాక్సు, ఇరుసు పెట్టెల్లో ఓడ దిగేవి. వాటిని పోతపోసే, కోసే విద్య ఇక్కడి కార్మికుడికి అందించవలసిన అవసరం ఆ ఏర్పాటులో లేనేలేదు.

బండి రేవు దాటి లోపలి ఊళ్లకు చేరాక భారమంతా ఏజెంటుదే. కంకర రోడ్ల మీద, దుమ్ములో, ఎండలో నడిచే బండికి విడిభాగం కావాలంటే ఓడ కోసం వారాల తరబడి ఎదురుచూడాలి గనుక, అమ్మకాలు సాగాలంటే ఏజెంటుకు సరుకు నిల్వ, సొంత వర్క్‌షాపు, చేయి తిరిగిన మెకానిక్కులు ఉండి తీరాలి. 1911లో టి.వి. సుందరం అయ్యంగార్ మదురైలో నెలకొల్పిన సంస్థ (టీవీఎస్) ఒకవైపు బస్సులు నడుపుతూ మరోవైపు జనరల్ మోటార్స్ వాహనాల పంపిణీ చేపట్టింది. ఆగిపోయిన బండి వల్ల ఎంత నష్టమో యజమానిగా అనుభవించిన వర్తకుడు మరమ్మతును చిన్న పనిగా చూడలేడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువైనప్పుడు, బొగ్గుతో బండ్లను నడిపే గ్యాస్ ప్లాంట్లను ఆ సంస్థే తయారుచేసింది.

అయితే ఈ నేర్పు పూర్తి స్థాయి కార్ల పరిశ్రమగా ఎదగలేదన్నదీ వాస్తవమే. అందుకు బాధ్యత వర్తకుల మీద కన్నా ప్రభుత్వం మీదే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య 1930లలో కార్ల కర్మాగారానికి ప్రణాళిక రూపొందించగా, దాన్ని పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ భుజాన వేసుకున్నా వలస ప్రభుత్వం అండ ఇవ్వలేదు. వాల్‌చంద్ కార్ల కంపెనీ ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో గాని ఏర్పడలేదు.

స్వాతంత్ర్యానంతరం భాగాలను ఇక్కడే తయారుచేయాలని కొత్త ప్రభుత్వం పట్టుబట్టడంతో జనరల్ మోటార్స్ 1954లో బిగింపు పని మూసేసింది. 1960ల ఆరంభంలో మద్రాసు పరిసరాల్లో చక్రాలకు వీల్స్ ఇండియా, విద్యుత్ పరికరాలకు లూకాస్ టీవీఎస్, బ్రేకులకు బ్రేక్స్ ఇండియా వెలిశాయి. సాంకేతికతలో విదేశీ సంస్థలు భాగస్వాములైనా, మూడింటి వెనుకా నిలిచింది ఒకప్పుడు జనరల్ మోటార్స్ వారి షెవర్లే బండ్లు అమ్మి, బాగుచేసిన ఆ మదురై సంస్థ కుటుంబమే.