ఈ ఏడాది ఎవరికీ జమానతు సంతకం పెట్టను

చిట్టికైనా, బ్యాంకు లోనుకైనా, ప్రామిసరీ నోటుకైనా ఈ ఏడాది నుంచి ఎవరికీ జమానతు ఉండను. తోడబుట్టినోళ్లకైనా సరే. ఈ మాట ముందే అందరికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నా.

మా దేవరకొండ వైపు ఊళ్లలో సర్కారు కొలువు వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ ఒక జీతం సర్టిఫికెట్ వచ్చినట్టే లెక్క. చిట్టి లేపినోళ్ల చేతికి డబ్బు రావాలంటే కంపెనీవాళ్లు జీతగాళ్ల జమానతు అడుగుతారు. అప్పుడు చుట్టాలకు టీచర్లం గుర్తొస్తాం. "సంతకమే గదా అక్కా, నిన్నేమన్న పైసలడుగుతున్ననా?" అంటారు. పైసలడిగితేనే నయం. పదివేలిస్తే పోయేది పదివేలే. సంతకం పెడితే ఎంత పోతుందో, ఎన్నేళ్లు పోతుందో మన చేతిలో ఉండదు.

"ఏం కాదు, పేరుకే" అనే మాట నమ్మకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో, జమానతుదారు బాధ్యతా అంతే. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, "ముందు వాణ్ని అడుగుండ్రి" అనే వీలు మనకు లేదు. కోర్టు డిక్రీ వస్తే జీతం అటాచ్ చేయొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ లెక్క చూడండి: మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోరు. అంటే లెక్కలోకి వచ్చే జీతం 61 వేలైతే నెలకు 20 వేలు పోతాయి. ఒక్క డిక్రీకి 24 నెలల దాకా. 4 లక్షల 80 వేలు! కట్టినదంతా అప్పు తీసుకున్నవాడి దగ్గర వసూలు చేసుకునే హక్కు మనకుంది, నిజమే. సొంత మేనత్త కొడుకు మీద కేసు వేసే ధైర్యం మనలో ఎంతమందికుంది?

మా తోటి టీచరు ఒకాయన ఇంట్లో ఇదే జరిగింది. చిట్టి లేపిన బంధువు కొన్ని నెలలు కట్టి, ఊరొదిలి పోయాడు. సారు జీతం కోత బిడ్డ కాలేజీ ఫీజు కట్టే నెలల్లోనే మొదలైంది. ఫోన్ చేసి అడిగితే, "నీకేం, నెల తిరిగితే జీతమొస్తది, కట్టరాదు" అన్నాడట. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ సారు ఇవాళ్టికీ పెళ్లిళ్లలో ఆ మనిషిని నవ్వుతూ పలకరిస్తాడు. మొహమాటం మనుషులను అంత లొంగదీస్తుంది.

కాదంటే ఏమవుతుందో నాకు తెలుసు. సంక్రాంతికి పుట్టింటికి పోతే ఒకరిద్దరు మాట్లాడరు. "కొలువొచ్చినంక కండ్లు నెత్తికెక్కినయ్" అని నాకు వినబడేటట్టే అంటారు. అననీ. ఆ మాట పడి, మరునాడు మామూలుగా లేచి బడికి పోవడమే నేను నేర్చుకోవలసిన ఓర్పు. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని మన పెద్దలే అన్నారు, వాళ్ల మాటనే పట్టుకుంటున్నా.

ఇంకొకటి. "మా ఆయన వద్దంటున్నడు" అని తప్పించుకోను. అట్లా చెబితే వాళ్లు రేపు ఆయన్ని బతిమాలి మళ్లీ నా దగ్గరికే వస్తారు. పైగా జీతం నాది, సంతకం నాది. కాదనేదీ నేనే కావాలి. "చిన్నాయనా, నేను ఎవ్వరికీ జమానతు ఉండను" అని ఒక్కమాట చెప్పి ఊరుకుంటా. కారణాలు చెబుతూ పోతే ఒక్కో కారణానికీ వాళ్ల దగ్గర ఒక జవాబుంటుంది.

సాయం చేయననట్లేదు. ఆస్పత్రి ఖర్చుకు చేతనైనంత ఇస్తా, తిరిగి రాకున్నా అడగను. యాసంగి పెట్టుబడికి నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తున్న తమ్ముళ్లతో బ్యాంకుకు నేనే వస్తా. రెండు రూపాయల మిత్తంటే ఏడాదికి 24 శాతం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణం గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణాలకు తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది కూడా. ఫారాలు నింపుతా, మేనేజరుతో మాట్లాడతా, సెలవు పెట్టి మరీ తిరుగుతా.

2024 డీఎస్సీలో కొలువొచ్చిన మా చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఒక మాట. మీ దగ్గరికి ఇప్పటికే వస్తుంటారు. జీతం సర్టిఫికెట్, ఖాళీ చెక్కు ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇదివరకే ఎక్కడైనా సంతకం పెట్టి ఉంటే ఆ కాగితం నకలు అడిగి తెచ్చుకోండి, వాయిదాలు కడుతున్నారో లేదో నెలనెలా కనుక్కోండి. బ్యాంకు లోనైతే మీ సిబిల్ రిపోర్టులో కూడా కనబడుతుంది, తీసి చూడండి. ఇంట్లో ఎవరైనా గట్టిగా పట్టుబడితే ఈ పోస్టు చూపించి, నాతో మాట్లాడమనండి.