లాగుతుందా అని అడుగుతారు, ఆగుతుందా అని అడగరు

నిన్న రాత్రి కాశీనగర్ నుంచి మా మేనల్లుడు ఆరు ఫోటోలు పంపాడు. టెక్కలిలో అమ్మకానికున్న సెకండ్ హ్యాండ్ బొలెరో పికప్. "మావయ్యా, ఎక్కడా సొట్ట లేదు, సీట్లు కొత్తవి. మన జనరేటర్ ట్రాలీని లాగేస్తాది కదా?"

లాగుతుందిరా. 2523 సీసీ డీజిల్ ఇంజను. టెంటు సామాను ఎక్కించి, వెనకాల జనరేటర్ తగిలించినా కదులుతుంది. కానీ పర్లాకిమిడిలో ఇన్నేళ్ళుగా టెంట్‌హౌస్ నడుపుతున్నాను, ఆగుతుందా అని అడిగి బండి కొన్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. నేనూ అడగలేదు.

నా మొదటి పికప్‌కి ట్రాలీ తగిలించే హుక్కు బంపరుకే వెల్డింగ్ చేసి ఉంది, ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి కాదు. చూసి కూడా ఊరుకున్నాను. ఆర్.ఉదయగిరిలో పెళ్ళి ముగించుకుని తెల్లవారుజామున ఘాటీ దిగుతున్నాం. ట్రాలీకి సొంత బ్రేకులు లేవు, మా వైపు దేనికుంటాయి? అది వెనక నుంచి తోస్తోంది, డ్రైవరు బ్రేకు మీద కాలు తియ్యడం లేదు. నాలుగు మలుపులు తిరిగేసరికి కాలిన వాసన, ఇంకో రెండిటికి పెడల్ మెత్తబడిపోయింది. కొండ వైపు మట్టిగట్టుకి రాసి ఆపాడు కాబట్టి ముగ్గురం ఇళ్ళకి చేరాం. దిగి చూస్తే బంపరు సగం ఊడి వేలాడుతోంది.

అప్పటి నుంచి నా బండి ఎవరు తోలినా ఘాటీలో రెండో గేరే, సగం బరువు ఇంజనే పట్టి ఆపుతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి, ఇంజను ఆపేసి దింపేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. బ్రేకుకి దన్నిచ్చే బూస్టరుకి వాక్యూమ్ అందించే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. ఇంజను ఆపితే రెండు మూడు తొక్కుళ్ళకే ఆ దన్ను అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా ఉంటుంది. పవర్ స్టీరింగూ బిగుసుకుపోతుంది. మిగిలే డీజిలెంత, పోయే ప్రాణమెంత?

కొనేముందు బండి కింద పడుకుని చూడండి. ఛాసిస్ మీద ఒక్కచోటే తాజా నల్లరంగు కనిపిస్తే, దాని కింద వెల్డింగేమో అని గీకి చూడండి. చక్రాల పైన బరువు మోసే కమాన్ కట్టలో అదనపు పట్టీలున్నాయంటే ఓవర్‌లోడు బాగా మోసిన బండి. ఇంజను తిరుగుతుండగా ఆయిల్ మూత తియ్యండి, పొగ బుసబుసా తన్నుకొస్తే ఇంజను లోపలి పిస్టన్ రింగులు అరిగినట్టు. హ్యాండ్ బ్రేకు వేసి, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదలండి. ఇంజను ఆగిపోవాలి. తిరుగుతూనే ఉందంటే క్లచ్ ప్లేటు పోయింది, ట్రాలీ సంగతి మర్చిపోండి. మీటరు ఎవరైనా వెనక్కి తిప్పగలరు, అరిగిన పెడల్ రబ్బరు మార్చాలని చాలామందికి తోచదు.

కాగితాల బాధ సరిహద్దు వాళ్ళకి ఎక్కువ. ఆంధ్రా బండిని ఇక్కడ ఒడిశాలో 12 నెలలకి మించి ఉంచుకుంటే ఒడిశా నంబరు తీసుకోవాల్సిందే. దానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్ఓసీ కావాలి, అంటే ఫారం 28. అప్పు తీరిందనడానికి ఫారం 35. నాకు అమ్మినాయన బండి పేరు మార్చే ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టి "మిగతావి తర్వాత చూద్దాం" అన్నాడు. ఫైనాన్సు కట్టలేదని ఏడాదికి తెలిసింది. హైపోథికేషన్, అంటే బండి మీద అప్పు, ఉందో లేదో ఆర్సీలోనే రాసుంటుంది, వాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులోనూ కనిపిస్తుంది. అడ్వాన్సు ఇచ్చే ముందు చూడండి, ఇచ్చాక కాదు.

మేనల్లుడికి ఇదంతా ఫోనులో సగమే చెప్పాను. ఆదివారం టెక్కలి నేనూ వస్తానన్నాను. మేం వెళ్ళేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని ఓనరుకి గట్టిగా చెప్పమన్నాను. చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో నా చెవులతో వినాలి.