సౌండు వస్తోంది సరే, ఏ సౌండు?

మా బండికి 13 ఏళ్లు. డీజిల్‌ది, ఆయిల్‌తో పనిచేసే పాతకాలం పవర్ స్టీరింగ్. నెల రోజులుగా స్టీరింగ్ తిప్పితే చాలు, మూలుగు. విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్ పక్క సందులో ముందుకీ వెనక్కీ చేసి బండి పెడుతుంటే అరటిపళ్లాయన బేరం ఆపి మరీ చూశాడు. ఇక లాభం లేదని ఆటోనగర్ తీసుకెళ్లా.

అక్కడ కుర్రాడు బానెట్ ఎత్తలేదు. ఎక్కి కూర్చుని, అటోసారి ఇటోసారి తిప్పి, దిగి "స్టీరింగ్ బాక్స్ పోయింది సార్. కొత్తదైతే 22 వేలు, సెకండ్‌హ్యాండ్ అయితే 9" అన్నాడు. బాక్స్ అంటే మనం తిప్పింది చక్రాలకి చేర్చే గేర్ల పెట్టె. అరనిమిషం కూడా పట్టలేదు. జ్వరమని వెళితే నాడి చూడకుండా ఆపరేషన్ అన్నట్టుంది! కనీసం స్టీరింగ్ ఆయిల్ ఉండే డబ్బా మూత తీసి చూడరా? ఆ మూత చేత్తో తిప్పితే వస్తుంది, దానికి స్పానర్ కూడా అక్కర్లేదు.

అయితే తప్పంతా ఆ కుర్రాడిదే అనను. నేను చెప్పిందేంటి? "స్టీరింగ్‌లో ఏదో సౌండ్ వస్తోంది తమ్ముడూ." అంతే. మన భాషలో చప్పుళ్లకేం కరువండీ? కీచుమంటుంది, గుయ్యిమంటుంది, టకటకలాడుతుంది, కిర్రుమంటుంది, టక్కుమంటుంది. కోడలు గిన్నె పెట్టిన చప్పుడుని బట్టి ఆవిడ కోపమెంతో చెప్పేస్తాం. షెడ్డుకెళ్లేసరికి మాత్రం అన్నిటికీ ఒకటే మాట, సౌండు.

నిజానికి ఆ మాటల్లోనే సగం రోగం దొరుకుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసి తిప్పగానే కీచుమంటే ముందు పంపుని తిప్పే బెల్టు చూడాలి, వదులైందో అరిగిందో అయ్యుంటుంది. గుయ్యిమని మూలుగుతూ, యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ ఆ మూలుగు కూడా పైకి లేస్తే స్టీరింగ్ ఆయిలుని తోసే పంపు వైపు చూడాలి. ఆ పంపుని తిప్పేది ఇంజినే కాబట్టి రెండూ కలిసే పాడతాయి. గుంతలో దిగినప్పుడు టక్కుమంటే దానికీ ఆయిలుకీ సంబంధం లేదు, ముందు చక్రాల దగ్గరుండే కీళ్లు, అంటే టై రాడ్ ఎండో, లింక్ రాడ్డో, కింద బాల్ జాయింటో చూసుకోవాలి. మలుపులో బండి కదులుతుంటే టకటకటక అని వరసగా వస్తే అది స్టీరింగే కాదు, చక్రాన్ని తిప్పే యాక్సిల్ జాయింటు. బండి ఆగి ఉన్నప్పుడు తిప్పితే ముందు స్ప్రింగు టంగుమని తుళ్లితే దాని పైనున్న స్ట్రట్ బేరింగ్. ఇవన్నీ తీసుకెళ్లి "బాక్స్ పోయింది" అనే ఒక్క సంచిలో వేసేస్తున్నారు.

ఫుల్ కట్ కొట్టి, అంటే స్టీరింగ్ చివరిదాకా తిప్పేసి, అలాగే పట్టుకుంటే వచ్చే బుస్సుమనే చప్పుడు మాత్రం రోగం కాదు. ఆయిలుకి పోయే దారిలేక పంపులో ఒత్తిడి పెరిగితే, రిలీఫ్ వాల్వు తెరుచుకుని వదిలేస్తుంది. అలాగని పట్టుకునే ఉండకండి, ఆయిలు కాగిపోతుంది. ఐదు సెకన్లు కూడా ఎక్కువే. బీసెంట్ రోడ్డు వైపు పార్కింగులో చూస్తుంటాను, చక్రం ఆ చివరికి తిప్పేసి అలాగే పట్టుకుని ఫోన్ మాట్లాడుతుంటారు మహానుభావులు.

సరే, నా సంగతి. పటమటలో ఓ పెద్దాయన ఉన్నారని మా బాబాయి చెప్తే వెళ్లా. ఆయన బండి ముట్టుకోకముందే ప్రశ్నలు. "పొద్దున తీసినప్పుడా, వేడెక్కాకా? ఆగి తిప్పితేనా, నడుస్తున్నప్పుడా? ఈమధ్య ఆయిల్ ఏమన్నా పోయించారా బాబూ?" మూడిటికి రెండు చెప్పలేకపోయా, సిగ్గేసింది. అప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచి డబ్బా మూత తీశారు. లోపల ఆయిలు తిరగ్గొట్టిన టీ మీద నురగలా ఉంది. "గాలి లాగుతోంది" అన్నారు.

ఇక్కడే అసలు కిటుకు. డబ్బా నుంచి పంపుకి వెళ్లే పైపులో ఆయిలుని తోయడం ఉండదు, పీల్చడమే. దాని మూతి గట్టిపడి క్లిప్పు పట్టు వదిలితే ఆయిలు బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క కనపడదు, పైన మూలుగు ఆగదు. "లీకేజీ లేదు కాబట్టి బాక్సే" అనుకునే లెక్క అందుకే తప్పుతుంది.

పైపు ముక్క, రెండు క్లిప్పులు మార్చి, డబ్బా అడుగున జాలీ కడిగి, మూత మీద రాసి ఉన్న గ్రేడు ఆయిలే పోశారు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, ఆ చివర నుంచి ఈ చివరకి ఇరవైసార్లు తిప్పించారు. తిప్పింది నేనే, భుజాలు పడిపోయాయి. ఆయిలు తగ్గినప్పుడల్లా కాస్త కాస్త పోస్తూ, బుడగలు ఆగాకే స్టార్ట్ చేయనిచ్చారు. మొత్తం 1,400. మూలుగు పోయింది.

ఆయనే ఇంకోటి చెప్పారు: ఆయిలు తగ్గిందని ఇంట్లో ఉన్న బ్రేక్ ఆయిల్ పోసేవాళ్లు ఉన్నారట. రెండూ ఆయిలే కదా అని! లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి, అప్పుడు నిజంగానే బాక్స్ పోతుంది.

ఇంతా రాయడానికి కారణం మా బావగారు. ఆయనది కొత్త చిన్న కారు, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. అందులో తిప్పడానికి సాయం చేసేది మోటారు. పంపు లేదు, పైపు లేదు, డబ్బా లేదు. మొన్న గుంటూరులో ఎక్కడో సర్వీసింగ్ చేయించి, బిల్లు వాట్సాప్‌లో పెట్టారు. అందులో ఒక లైను: పవర్ స్టీరింగ్ ఆయిల్, 450 రూపాయలు. అది ఎక్కడ పోశారో చూపించమని అడగండి బావా అన్నాను. మొహమాటపడుతున్నారు.