ఏనుగు వేటకు బయలుదేరిన ఎన్‌ఫీల్డ్ దొరగారికి

మహారాజశ్రీ 1917 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ దొరగారి సముఖమునకు,

అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపము ఏమనగా, ఇచ్చట అందరము క్షేమము. తమరిని లేత్ మిషన్ మీద బిగించారని తెలిసిన తరువాత తమరి క్షేమం అడగడానికి మాత్రం నోరు రావడం లేదు. ఒక్కో తూటాకూ బోల్టు అనే ఉక్కు గడియను చేత్తో లాగి మూయవలసిన పాత సైనిక రైఫిల్‌ను కొని, గొట్టం మార్చి, ఏనుగునూ అడవిదున్ననూ పడగొట్టే తూటాకు దాన్ని సిద్ధం చేయడం అమెరికాలో వందేళ్లుగా సాగుతున్న ముచ్చట. ఈ ముచ్చటకు జర్మనీ మౌజర్ తరువాత ఎక్కువగా బలైనది తమరే కాబట్టి, ఈ లేఖ కూడా తమరికే రాయవలసి వచ్చింది.

ముందుగా తమరి జాతకం చూద్దాం. బోయర్ యుద్ధంలో దక్షిణాఫ్రికా రైతులు మౌజర్లు పట్టుకుని అల్లంత దూరం నుంచే బ్రిటిష్ సిపాయిలను రాల్చేయడంతో, లండన్ పెద్దలకు తమ .303 తూటా మీద నమ్మకం సడలింది. దానికి విరుగుడుగా .276 అనే లావుపాటి తూటాను (ఈ అంకెలు గొట్టం లోపలి వెడల్పును అంగుళాల్లో చెబుతాయి; దీని గుండు సన్నమే, మందు కూరే తొడుగు మాత్రం లావు), దానికి తగిన 1913 నమూనా రైఫిల్‌ను తయారు చేయించారు. ఆ తూటా పేలితే గొట్టం కాలిపోయేది, మంట కళ్లు జిగేల్మనిపించేది, చప్పుడు చెవులు చిల్లులు పొడిచేది. ఆ లోపాలు సరిదిద్దేలోపే 1914 ఆగస్టు వచ్చిపడింది. యుద్ధం నెత్తిన పెట్టుకుని కొత్త తూటా ప్రయోగాలు చేసే తీరిక ఎవరికీ లేదు గనుక .276ను అటకెక్కించి, రైఫిల్‌ను మళ్లీ ఆ పాత .303కే మలిచి, 1914 నమూనా అని పేరు పెట్టి, తయారీని అమెరికాలోని మూడు ఫ్యాక్టరీలకు అప్పగించారు. న్యూహేవెన్‌లో వించెస్టర్, ఇలియన్‌లో రెమింగ్టన్, పెన్సిల్వేనియాలో రైలింజన్లు చేసే బాల్డ్విన్ కంపెనీ ఆవరణలోని ఎడ్డీస్టోన్ తమరి కుటుంబానికి పుట్టిళ్లు.

1917 ఏప్రిల్‌లో అమెరికా కూడా యుద్ధంలోకి దిగి, తన సొంత స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లు సైన్యంలో సగానికి కూడా చాలవని గ్రహించింది. చేతిలో మూడు ఫ్యాక్టరీలున్నాయి, అచ్చులున్నాయి, చేయి తిరిగిన పనివాళ్లున్నారు. అంతే, తూటా మళ్లీ మారింది. ఈసారి .30-06. తమరి అవతారం ఇదే. ఇరవై రెండు లక్షల దాకా తయారై, యుద్ధం ముగిసేనాటికి ఫ్రాన్స్‌లోని అమెరికా సిపాయిల్లో ముప్పాతిక మంది భుజాన తమరే ఉన్నారు. మరి శాంతి కుదిరాక సైన్యం ఎవరిని నెత్తిన పెట్టుకుంది? స్ప్రింగ్‌ఫీల్డ్‌ను. తమరికి గ్రీజు పూసి గిడ్డంగిలో పడుకోబెట్టారు. చాకిరీ ఒకరిది, సన్మానం మరొకరిది కావడం మా ఆఫీసుల్లో రోజూ చూసేదే కనుక ఈ విషయంలో తమరి మీద నాకు నిజమైన సానుభూతి ఉంది.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, ఏ తూటా కోసం పుట్టారో ఆ తూటాతో తమరు ఒక్క యుద్ధమూ చేయలేదు. అయినా ఆ లావుపాటి .276 కోసం తీర్చిన పొడవాటి ఒళ్లు, విశాలమైన మ్యాగజైన్ మాత్రం తమరికి వారసత్వంగా మిగిలాయి. సైన్యం అయిదేసి తూటాల క్లిప్పులు ఇస్తే తమరి పొట్టలో ఆరు పట్టేవి. అలా అదనంగా మిగిలిన ఆ జాగాయే తరువాత తమరి కొంప ముంచింది.

ఎలాగంటే, 1912లో లండన్‌కు చెందిన హాలండ్ అండ్ హాలండ్ .375 మాగ్నమ్ తూటాను విడుదల చేసింది. అడుగున నడికట్టు కట్టినట్టుండే ఆ తూటా 300 గ్రెయిన్ల, అంటే సుమారు 19 గ్రాముల, గుండును సెకనుకు 2500 అడుగులకు పైచిలుకు వేగంతో తోస్తుంది. తమరి .30-06తో పోలిస్తే దెబ్బ దాదాపు ఒకటిన్నర రెట్లు, భుజానికి తగిలే తోపు ఇంచుమించు రెండు రెట్లు. ఆఫ్రికాలో అనేక దేశాల్లో ఏనుగు, అడవిదున్న, సింహం వంటి వాటి వేటకు ఇంతకంటే చిన్న తూటా పనికిరాదని చట్టమే రాసుకున్నారు. అంత పొడవాటి తూటా ఇమడాలంటే జర్మనీలోని ఒబెర్న్‌డార్ఫ్‌లో కొద్ది సంఖ్యలో చేసే మాగ్నమ్ మౌజర్ కావాలి, దాన్ని కొనాలంటే జమీందారై పుట్టి ఉండాలి. ఆ సమయంలో అంత తూటాకూ చోటున్న పొడవాటి ఒళ్లుతో, గ్రీజు పూసుకుని చవకగా పడి ఉన్న తమరు మధ్యతరగతి వేటగాళ్ల కంటపడ్డారు.

న్యాయంగా మాట్లాడాలంటే ఆ రోజుల్లో అది తెలివైన పనే. ఆ మాటకొస్తే, యుద్ధం అయ్యాక మిగిలిన విడిభాగాలతో 1921లో రెమింగ్టన్ కంపెనీయే తమరికి దొరల దుస్తులు తొడిగి మోడల్ 30 అనే వేట రైఫిల్‌గా బజారులో పెట్టింది. పేదవాడి మాగ్నమ్ మౌజర్‌గా తమరు చేసిన సేవను ఎవరూ కాదనలేరు. ఇందులో తమరి అన్నగారైన .303 రకానిది ఇంకాస్త యోగం. ఆ తూటాకు అడుగున వెడల్పాటి అంచు ఉండేది గనుక ఆయన బోల్టు ముఖం .375 అడుగుభాగానికి ముందే సరిపోయింది. తమరి ముఖాన్ని మాత్రం చెక్కి వెడల్పు చేయవలసి వచ్చింది.

ఇక ఆ శస్త్రచికిత్స సంగతి. మొదటి వేటు చెవుల మీద. తమరి వెనుక గురికి అటూ ఇటూ కాపలాగా నిలిచిన ఆ రెండు ఉక్కు చెవులు బురదలోనూ కందకాల్లోనూ గురి చెదరకుండా కాపాడినవి. టెలిస్కోపు బిగించాలంటే అవి అడ్డమని గ్రైండరు పెట్టి నున్నగా కోసేశారు. కోశాక తేలిందేమిటంటే, గురి పలక కూర్చోవడానికి ఆ భాగం లోపల ముందే తొలిచి ఉంది, పైకప్పు పోగానే గుంట బయటపడింది. గుంటను పూడ్చడానికి వెల్డింగు, వెల్డింగు మచ్చను దాచడానికి ఆకురాయి, ఆకురాయి గీతలను దాచడానికి నీలిరంగు పూత. తరువాత వంకర తిరిగిన బోల్టు పిడి సొగసుగా లేదని దాన్ని కాల్చి వంచారు. పొట్ట ముందుకు వచ్చిందని ట్రిగ్గర్ గార్డును కోసి అతికించారు. బోల్టు మూసేటప్పుడు స్ప్రింగు బిగుసుకునే పాత పద్ధతి మోటుగా ఉందని, తెరిచేటప్పుడే బిగుసుకునే కొత్త సరంజామా కొని పెట్టారు. మ్యాగజైన్‌ను ముందుకు సాగదీశారు. ఇన్ని చేశాక తమరిలో 1917 నాటిది ఏం మిగిలిందని అడిగితే, నెంబరు మిగిలిందని చెబుతారు.

ఎడ్డీస్టోన్‌లో పుట్టినవారికైతే ఇంకో గండం ఉంది. అక్కడి యంత్రాలు గొట్టాన్ని ఎంత బలంగా బిగించాయంటే, విప్పబోతే రిసీవరుకే, అంటే గొట్టాన్నీ బోల్టునూ పట్టి ఉంచే ఉక్కు ఒంటికే, పగులు వస్తుందని పేరు పడింది. తెలిసిన పనివాడు గొట్టం భుజం దగ్గర ముందు లేత్ మీద ఒక గాడి తీసి బిగువు సడలిస్తాడు, ఆ తరువాత పగుళ్లున్నాయేమోనని అయస్కాంత పరీక్ష చేయిస్తాడు. తెలియనివాడు గ్యారేజీలో పెద్ద రెంచీ, దానికి జోడుగా పెద్ద ఇనుప గొట్టం తెచ్చుకుంటాడు. కంటికి కనిపించని పగులున్న రిసీవరులో .375 పేలితే ఏమవుతుందో నేను వర్ణించను.

పోనీ, సైనికులకు ఇంత తెలివి లేదా అంటే ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో తమరిని బ్రిటన్ హోమ్‌గార్డులకు పంపినప్పుడు, అక్కడి .303 వాడకందారులు పొరబాటున ఆ తూటా ఎక్కిస్తారని, తమరి కర్రభాగం చుట్టూ రెండంగుళాల ఎర్ర పట్టీ పూశారు. అయిదు నిమిషాల పని, కాస్త రంగు ఖర్చు. తమరిని మార్చకుండా వాడినవాళ్లు అంత జాగ్రత్త పడ్డారు. సమూలంగా మార్చినవాళ్లలో కొత్త తూటా పేరును గొట్టం మీద చెక్కించడం మరిచిపోయిన మహానుభావులు కూడా ఉన్నారు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. ఒకప్పుడు తమరు కారుచవకగా దొరికేవారు. యూరప్ సైన్యాల మిగులు సరుకు కూడా తపాలాలో ఇంటికి వచ్చేది. 1963లో కెనడీని కాల్చిన ఇటలీ సైనిక రైఫిల్‌ను టెలిస్కోపుతో సహా 19 డాలర్ల 95 సెంట్లకు తపాలా ద్వారానే తెప్పించుకున్నారు. 1968 చట్టం ఆ తపాలా బేరానికీ, విదేశీ సైనిక సరుకు దిగుమతికీ తలుపు మూసింది. చవక సరుకు కాలం పోయింది, చవకగా చేసుకుంటున్నామన్న భ్రమ మాత్రం పోలేదు. ఇప్పుడు కొత్త గొట్టం, కొత్త కర్ర, తోపుకు కర్ర చీలకుండా అడ్డంగా బోల్టులు, ట్రిగ్గర్, టెలిస్కోపు, పనివాడి కూలీ అన్నీ కలిపితే, .375లో కొత్త రైఫిల్‌ను కంపెనీ వారంటీతో సహా కొనగలిగినంత అవుతుంది. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటే ఇదే. పోనీ అమ్ముదామా అంటే, చెవులు, గురి, అసలు కర్ర ఉన్న మీ తోబుట్టువుల కోసం సేకర్తలు ఎగబడతారు గానీ, చెవులు కోసిన తమరిని చూసి పెదవి విరుస్తారు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి.

అంతా భరించి ఇంతకీ ఏం వేటాడతారు? ఆఫ్రికా టికెట్టు కొనే స్తోమత ఉన్నవాడు తమరి దగ్గరకు రాడు, లండన్‌లోనే దుకాణం ఎక్కుతాడు. మిగిలినవాళ్లకు కెన్యా 1977లోనే వేట నిషేధించిందన్న సంగతి తెలిసే ఉంటుంది. తమరి ప్రస్తుత యజమాని ఉండేది పెన్సిల్వేనియాలో. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండుగ వెళ్లాక అక్కడి అడవిలో ఆయనకు ఎదురయ్యేది తెల్లతోక జింక, బరువు ఏ అరవై డెబ్బై కిలోలో ఉంటుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసేవాడికి కనీసం మంత్రం మరిచిపోతానన్న భయమైనా ఉండాలి. ఈయన భయం తూటా ధర గురించి మాత్రమే.

మరి నిజంగా క్రూరమృగం ఎదురుపడే చోట తమరి బంధువులు ఎలా ఉన్నారో చెప్పనా? గ్రీన్‌లాండ్‌లో కుక్కల బండ్ల మీద గస్తీ తిరిగే డెన్మార్క్ సైన్యపు సిరియస్ దళం దశాబ్దాలపాటు తమరి సాటివారినే, తమరి ఆ .30-06 తూటాతోనే, ధ్రువపు ఎలుగుబంట్ల నుంచి రక్షణగా మోసింది. చలికి గడ్డకట్టకుండా పనిచేయడమే వాళ్లకు కావలసిన అర్హత. తూటా చాలదని వాళ్లు తమరిని లేత్ ఎక్కించలేదు. వెనకటికి బెల్ అనే స్కాట్లాండ్ వేటగాడు వెయ్యికి పైగా ఏనుగులను చంపినప్పుడు కూడా వాటిలో అనేకం పడింది 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాకే. ఆ లెక్క గొప్పగా చెప్పుకోదగ్గది కాదు, తూటా లావు గురించి వాదించేవారికి జవాబుగా చెబుతున్నాను.

తూటా మార్పిడిలో మా దేశం కూడా తక్కువ తినలేదని మనవి. .450 గొట్టం రైఫిళ్లు తిరుగుబాటుదారుల చేతిలో పడితే వాటి గుళ్లు మార్టిని హెన్రీ అనే పాత సైనిక రైఫిళ్లకు పనికొస్తాయని భయపడి, 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోకి వాటి దిగుమతిని ఆపింది. దాంతో ఇంగ్లండు కంపెనీలు పిసరంత లావు పెంచి .465 అని, .470 అని కొత్త తూటాలు కట్టాయి. పులికి తేడా తెలియలేదు, ప్రభుత్వానికి తృప్తి కలిగింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా సైనిక తూటా పౌరులకు నిషిద్ధమే కనుక, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ లీ ఎన్‌ఫీల్డ్ ఒంట్లో .315 తూటా పెట్టి పౌరులకు అమ్మింది. ఆ .315 పూర్వాశ్రమంలో ఆస్ట్రియా సైన్యపు మన్లిఖర్ తూటా. ఒక సైన్యపు తూటా నిషిద్ధమైతే ఇంకో సైన్యపు తూటా సాధువైపోయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట తలుపులు మూసుకుపోయాయి. ఇప్పుడు ఆ .315 దొరలకు మా ఊళ్లలో ఒకే ఒక ప్రయాణం ఉంది. ఎన్నికల కోడ్ కూయగానే పోలీస్ స్టేషన్‌కు వెళ్లి డిపాజిట్ కావడం, ఫలితాలు వచ్చాక రసీదు చూపించి ఇంటికి రావడం.

కనుక నా విన్నపం తమరికి కాదు, తమరి ద్వారా ఇంకా చెవులతో మిగిలి ఉన్న తమరి తోబుట్టువులకు. ఎవరైనా చవకగా వచ్చిందని మురిసిపోతూ వాళ్లను గ్యారేజీకి తీసుకువెళితే, బోల్టు కదలకుండా బిగుసుకుపోమని చెప్పండి. తమరికి మాత్రం ఇక చేయగలిగింది లేదు. అయిన పని అయింది గనుక ఆ .375తోనే సుఖంగా ఉండండి. పగులు లేకుండా, పనివాడు తెలిసినవాడై చేసి ఉంటే, తమరు చాలా మంచి రైఫిల్ అన్న సంగతి నేను కాదనడం లేదు. ఆ .276 కోసం తీర్చిన ఒంట్లో ఇన్నాళ్లకు దానికి తగ్గ లావుపాటి తూటా పడిందంటే, ఒక విధంగా తమరికి ఇది స్వస్థలం చేరడమే.

ఇట్లు
చెవులు కోయించుకోని ఒక శ్రేయోభిలాషి

తా.క.: తమరి యజమాని .375 కూడా చాలడం లేదని, .416 రిగ్బీ గొట్టం ధర కనుక్కుంటున్నట్టు వినికిడి. మ్యాగజైన్‌ను ఇంకొంచెం సాగదీస్తారట.