ముందు వంటగది, తర్వాతే బార్

జంటగా ఎవరైనా బార్ అండ్ రెస్టారెంట్ మెట్లెక్కితే మన డెల్టా ఊళ్లలో జరిగేది ఒకటే. సప్లయర్ ఎదురొచ్చి, హాల్లోకి అడుగు పెట్టకముందే పక్కకి దారి చూపిస్తాడు. "ఫ్యామిలీ క్యాబిన్ ఖాళీగా ఉందండి, ఇలా వచ్చేయండి." భీమవరమైనా, రాజమండ్రిలో మోరంపూడి దాటాక వచ్చే కొత్త కాలనీలైనా, కాకినాడ శివార్లయినా ఇదే వరస. పాపం అతను మర్యాదకే అంటున్నాడు. కానీ ఒక సాయంత్రం ఇద్దరూ స్థిమితంగా కూర్చుని కబుర్లు చెప్పుకోవాలంటే ఆ క్యాబిన్ అంత పనికిరాని చోటు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

లోపల ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకి తెలుసు. మూడు వైపులా ప్లైవుడ్ గోడ, గుమ్మానికి మెరూన్ రంగు కర్టెన్, గోడకి కాలింగ్ బెల్ స్విచ్. దాని చుట్టూ వేళ్ల జిడ్డు మరక. పక్క క్యాబిన్‌లో రొయ్యల రేటు గురించి జరుగుతున్న గొడవ అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది. కర్టెన్ కదిలినప్పుడల్లా ఆవిడ మాట ఆపి అటు చూస్తుంది. వాష్‌రూమ్‌కి వెళ్లాలంటే పాతికమంది మగాళ్లు కూర్చున్న హాల్ మధ్యలోంచి నడవాలి. వెళ్లాక తలుపుకి గడియ ఉంటుందన్న నమ్మకం లేదు. గంటలో "వెళ్దామా?" అన్న మాట వస్తుంది. డబ్బులు మాత్రం హాల్ కంటే క్యాబిన్‌లోనే ఎక్కువ అవుతాయి.

మంచి బార్ ఏదని అడిగితే మనవాళ్లు చెప్పేవి ఏసీ, లైటింగ్, దొరికే బ్రాండ్లు. జంటగా వెళ్లేవాళ్లకి ఈ మూడూ పెద్ద లెక్కలోవి కావు. చూడాల్సింది ఒకటే: ఆ బార్ మందు మీద బతుకుతోందా, వంట మీద బతుకుతోందా? వంట మీద బతికే బార్‌లో ఆడవాళ్లకి వేరే ఏర్పాటు అక్కర్లేదు, అక్కడికి వాళ్లు మామూలుగానే వస్తుంటారు.

ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే లైసెన్స్ లెక్కల్లోకి వెళ్లాలి. 2025 సెప్టెంబర్ 1 నుంచి రాష్ట్రంలో మూడేళ్ల కొత్త బార్ పాలసీ నడుస్తోంది. ఊరి జనాభాను బట్టి ఏడాది ఫీజు: 50 వేల లోపైతే 35 లక్షలు, అక్కడి నుంచి 5 లక్షల దాకా 55 లక్షలు, ఆపైన 75 లక్షలు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం మూడూ ఆ 55 లక్షల గూట్లోకే వస్తాయి. అంటే షట్టర్ ఎత్తినా ఎత్తకపోయినా రోజుకి 15 వేలు ఖర్చు. అద్దె, కరెంటు, జీతాలు వేరే. మొదట్లో 840 బార్లకి నోటిఫికేషన్ ఇస్తే చాలా వాటికి సరిపడా దరఖాస్తులే రాక గడువు పొడిగించాల్సి వచ్చిందంటే వ్యాపారుల భయం అర్థమవుతుంది.

భయానికి ఇంకో కారణం ఉంది. 2024 అక్టోబర్‌లో ప్రైవేటు మద్యం షాపులు తిరిగొచ్చాయి, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. మరుసటేడు షాపుల పక్కన పర్మిట్ రూములకీ, అంటే కొన్న మందు అక్కడే తాగే గదులకీ, అనుమతి దొరికింది. గబగబా రెండు పెగ్గులేసుకుని లేచిపోయే మనిషికి బార్‌తో ఇక పనేముంది? నిలబడి తాగి వెళ్లిపోతాడు. ఇది తమ పొట్ట కొట్టడమేనని బార్ యజమానులు గోల పెట్టారు. వాళ్ల బాధ కాదనను. కానీ నాకు ఇందులో మంచే కనిపిస్తోంది. తాగి పోయేవాడు పర్మిట్ రూమ్‌కి పోతే బార్‌కి మిగిలేది కూర్చుని తినేవాళ్లు. ఈ సంగతి పట్టుకున్న ఓనరు వంటమాస్టరు జీతం పెంచుతాడు. పట్టుకోలేనివాడు క్యాబిన్లు పెంచుతాడు.

మన దగ్గర బార్ అనేది ముందు నుంచీ మగాళ్ల సిట్టింగ్ కోసం కట్టిందే. ఆక్వా డబ్బు వచ్చాక ఆ సిట్టింగ్ కూడా చాలావరకు చెరువు గట్టు మీద షెడ్లకి, తోటల్లో గెస్ట్‌హౌస్‌లకి మారిపోయింది. 2019 నుంచి 2024 దాకా ప్రభుత్వ దుకాణాల్లో తెలియని బ్రాండ్లే దొరికిన రోజుల్లో ఆ అలవాటు ఇంకా ముదిరింది. మగాళ్లకి బార్ కాకపోతే షెడ్డు, షెడ్డు కాకపోతే స్నేహితుడి మేడ. ఇద్దరూ కలిసి వెళ్లడానికి చోటు లేనిది జంటకే.

ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే ఇది అంత తేలిక విషయమూ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఉన్న ఆడవాళ్లలో చాలామంది అమ్మలు ఆ రోజులు చూసినవాళ్లే. మందు అనగానే ఇంట్లో గొడవ, ఒంటి మీద దెబ్బలు, కుదవపెట్టిన పుస్తెలు గుర్తొచ్చే ఇళ్లు మన చుట్టూ ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసి, వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఊరొచ్చిన కుర్రాడు "పబ్‌కి వెళ్లేవాళ్లం కదా, ఇక్కడ బార్‌కి వెళ్దాం" అన్నంత సులువుగా ఆ అమ్మాయి తలూపకపోతే అది పాతకాలపు చాదస్తమని కొట్టిపారేయకూడదు. ఆవిడ కాదంటే ఆ ముచ్చట అక్కడితో వదిలేయాలి. రాజమండ్రిలో రోజ్ మిల్క్ ఉండనే ఉంది.

సరే, ఇద్దరికీ ఇష్టమే. మరి వంట మీద బతికే బార్‌ని పట్టుకోవడం ఎలా?

రాత్రి వెళ్లే ముందు ఒకసారి మధ్యాహ్నం భోజనానికి వెళ్లండి. డెల్టాలో ఏ మాత్రం పేరున్న బార్ అండ్ రెస్టారెంట్ అయినా మధ్యాహ్నం బిర్యానీలు, మీల్స్ అమ్ముతుంది. ఒంటిగంటప్పుడు హాల్లో పిల్లలతో వచ్చిన కుటుంబాలో, బ్యాంకు నుంచి వచ్చిన ఆడ ఉద్యోగులో కనిపించారా? అయితే రాత్రి తొమ్మిదింటికీ అక్కడ పరవాలేదు. మధ్యాహ్నం కూడా మగాళ్లూ, గ్లాసులూ తప్ప ఏమీ లేకపోతే మెనూ కార్డు కూడా చూడక్కర్లేదు.

రెండోది వేపుడు. చెరువులూ సముద్రమూ ఇంత దగ్గర పెట్టుకుని ఫ్రిజ్‌లోంచి తీసిన ఎర్ర రంగు చికెన్ తప్ప ఇంకేం లేదనే బార్‌ని నమ్మకూడదు. రొయ్యల వేపుడు చెప్పి చూడండి. కరివేపాకు చిటపటలాడుతూ, రొయ్య ఇంకా మెత్తగా, వంగీ వంగనట్టు ఉండగా టేబుల్ మీదికి వచ్చిందంటే లోపల పొయ్యి దగ్గర ఒక మనిషి శ్రద్ధగా నిలబడ్డాడని అర్థం. రబ్బరులా సాగితే పొద్దున వేయించి పెట్టిందే. కోనసీమ వైపు మోరి జీడిపప్పు దొరుకుతుంది కాబట్టి జీడిపప్పు వేపుడుకీ ఇదే పరీక్ష. ఉప్పూ కారం చల్లి ఇచ్చేది ఒకటి, నేతిలో దోరగా వేయించి ఇచ్చేది ఇంకొకటి. పండుగప్ప చేప ముక్క ఉందంటే ఇక ఆలోచించకుండా కూర్చోవచ్చు.

మూడోది సప్లయర్. ఆమధ్య గోదావరి జిల్లాల్లోనే ఒకచోట, కాలవ రోడ్డు పక్కన మేడ మీద ఉన్న బార్‌లో ఒక జంట పక్క టేబుల్‌కి వచ్చి కూర్చుంది. సప్లయర్ ఆయన ముందు మెనూ పెట్టి, ఆవిడని చూడకుండానే ఆయన్నే అడిగాడు: "మేడం గారికి కూల్ డ్రింకాండీ?" ఆవిడ నవ్వేసి, "నాకు బీరండీ, ఆయనకే కూల్ డ్రింకు, బండి తోలాలి" అంది. కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. "ఆయ్, అలాగేనండి" అని రాసుకున్నాడు. చల్లటి బీరు ఆవిడ ముందు, కూల్ డ్రింక్ సీసా ఆయన ముందు పెట్టి వెళ్లాడు. బిల్లు తెచ్చినప్పుడు టేబుల్ మధ్యలో పెట్టాడు. మనవాడు ఆ క్షణంలో మొహం చిట్లించి ఉంటే, లేదా వంటగది గుమ్మం దగ్గరికెళ్లి ఇంకొకడితో గుసగుసలాడి ఉంటే ఆ సాయంత్రం అక్కడితో సరి. పనివాళ్లలో ఆడవాళ్లు ఉంటే ఈ ఇబ్బంది సగం తగ్గుతుంది. బార్లలో ఆడవాళ్లు పనిచేయకూడదంటూ ఢిల్లీలో ఉన్న నిషేధాన్ని సుప్రీంకోర్టు 2007లోనే కొట్టేసింది. మన ఊళ్లలో మాత్రం కౌంటర్లో ఆడమనిషిని నేను ఇంతవరకు చూడలేదు. వాష్‌రూమ్ సంగతి మాత్రం ఎవరినీ అడగకుండా కూర్చునే ముందే స్వయంగా చూసుకోవాలి. గడియ, లైటు, నీళ్లు. ఈ మూడింట్లో ఒకటి లేకపోయినా లేచి రావడమే.

దగ్గర్లోని బార్‌నే ఎంచుకోమనడానికి నా దగ్గర ఉన్న పెద్ద కారణం కాలవలు. డెల్టాలో ఊరి నుంచి ఊరికి వెళ్లే దారులు చాలావరకు కాలవ గట్ల మీదుగానే పోతాయి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క చేలు, చాలాచోట్ల రెయిలింగ్ కూడా ఉండదు. రాత్రి ఎదురుగా వచ్చే లారీ హైబీమ్ కళ్లల్లో పడితే తాగనివాడికే దారి కనపడదు. కారు కాలవలో పడిందన్న వార్త మనకి కొత్త కాదు. ఇక చట్టం లెక్క: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమే. మొదటిసారి దొరికితే 10 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు కూడా. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగ్ బీరు, 8 శాతం దాకా ఉంటుంది. 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి గంటలో ఖాళీ చేస్తే మామూలు ఒళ్లున్న మనిషి ఆ 30ని ఎప్పుడో దాటేసి ఉంటాడు. "ఒక్క బీరేగా" అన్న మాట ఇక్కడ చెల్లదు.

పైగా రాత్రి పదకొండింటికి పాలకొల్లులోనో అమలాపురంలోనో ఫోన్ నొక్కగానే క్యాబ్ వస్తుందన్న భరోసా లేదు. తెలిసిన ఆటో అతనికి ముందే చెప్పిపెట్టుకోవాలి, లేదా ఇద్దరిలో ఒకరు తాగకూడదు. తాగని మనిషికి ఇచ్చే గౌరవం కూడా బార్‌ని పట్టిస్తుంది. నీళ్ల సీసా, రంగు సోడా తప్ప ఇంకేం లేదంటే ఆ చోట తాగని మనిషిని మనిషిగా లెక్కపెట్టలేదన్నమాట. రామచంద్రపురం ఆర్టోస్ చల్లగా ఉంచి, అడగ్గానే ఐసు, నిమ్మచెక్కతో తెచ్చిచ్చే చోటుకి నేను రెండు మార్కులు ఎక్కువేస్తాను. ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో బార్ ఉంటే ఈ గొడవేదీ లేదు. పట్నంలో పేరున్న బార్ కోసం ముప్పై కిలోమీటర్లు వెళ్లి, వచ్చేటప్పుడు టెన్షన్ పడే కంటే మన వీధి చివర ఉన్న మామూలు బార్ నయం.

వీధి చివర బార్ అనగానే వచ్చే అభ్యంతరం తెలిసిందే. తెలిసినవాళ్లు కనపడతారు. అమలాపురంలో మీ పక్క టేబుల్ మీద మీ మావయ్యగారి స్నేహితుడు కాకపోతే మీ తమ్ముడి లెక్చరరు ఉంటాడు. అందుకే జనం క్యాబిన్ వెతుక్కుంటారు. నా లెక్క వేరు. కర్టెన్ వెనక కూర్చుంటే బయటికొచ్చేటప్పుడు అందరూ చూస్తారు, మర్నాటికి కథ అల్లేస్తారు. హాల్లో కిటికీ పక్కన కూర్చుని రొయ్యలు తింటున్న భార్యాభర్తల గురించి అల్లడానికి ఏముంటుంది? ఎదురుపడితే "నమస్కారం అంకుల్" అనేయడమే. ఆయన కూడా బార్‌లోనే ఉన్నాడు కదా, ఇంటికెళ్లి ఏమని చెప్తాడు?

పెళ్లికాని జంటలకి ఇది అంత సులువు కాదని ఒప్పుకుంటాను. వాళ్లకి చుట్టూ చూసే కళ్లు ఎక్కువ. వయసు 21 దాటి ఉండాలి, వయసు చూపించే గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. వాళ్లు పెద్ద హోటళ్లలో కిందనే ఉండే బార్లకి వెళ్లడం మేలు. రిసెప్షన్, కెమెరాలు ఉంటాయి. ఖరీదెక్కువ, సందడి తక్కువ. పెళ్లికి వచ్చిన చుట్టాలు లిఫ్టు కోసం ఎదురు చూస్తున్నట్టుండే ఆ వాతావరణం నాకైతే నచ్చదు గానీ, భద్రత ఉంది.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. కొత్త పాలసీలో బార్లు రాత్రి 12 దాకా తెరిచి ఉండొచ్చు కానీ జంటకి తొమ్మిదిన్నర తర్వాత కూర్చోవడం దండగ. ఏడింటికి వెళ్లి తొమ్మిదింటికి లేస్తే సప్లయర్‌కి తీరిక ఉంటుంది, వంటగదిలో నూనె కొత్తగా ఉంటుంది. ఆదివారం వద్దు, సోమ, మంగళవారాలు హాయి. ఐపీఎల్ నెలల్లో పెద్ద టీవీ ఉన్న బార్ ఏదైనా వద్దు. బంతి బంతికీ అరుపులు, వాటి వెనక బెట్టింగ్ ఫోన్లు. సంక్రాంతి మూడు రోజులు భీమవరం చుట్టుపక్కల బార్ ఆలోచనే మానుకోండి, కోడిపందాల బరుల నుంచి గెలిచినవాడూ, ఓడినవాడూ ఇద్దరూ అక్కడికే వస్తారు.

నన్నడిగితే బార్‌కి వెళ్లడానికి ఏడాదిలో అన్నిటికంటే మంచి నెల కార్తీకం. సగం ఊరు నీచు ముట్టదు, మందు మానేస్తుంది, హాల్లో కోరుకున్న టేబుల్ దొరుకుతుంది, వంటమాస్టరు తీరిగ్గా వండుతాడు. కాకపోతే ఆ నెలలో ఇంట్లో ఆవిడ సోమవారాలు ఉపవాసం ఉంటుందో లేదో ముందు కనుక్కుని మరీ ప్లాన్ వేసుకోండి.